నీటి బరువు

మాలకొండయ్య ఇంట్లో గరిటె ఎప్పుడూ అతని తల్లి ముసలమ్మ చేతిలోనే ఉండేది. కోడలు పేరమ్మ చేపలు తోమేది, మసాలా నూరేది, పులుసు కాచేది. వడ్డించే వేళకు మాత్రం పక్కకు జరిగి గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ ఇంట్లో అది ఎవరూ పెట్టిన నియమం కాదు. ముసలమ్మ కాపురానికి వచ్చినప్పుడు ఆమె అత్త చేతిలో గరిటె ఉండేది. ఆమె పోయాక అది ముసలమ్మ చేతికి వచ్చింది, అంతే.

నడికుప్పం పులికాట్ సరస్సు ఒడ్డున నలభై గడపల పాళెం. వల తప్ప ఇంకో బతుకు ఎరగని ఊరు. మాలకొండయ్య చీకటితోనే పడవ మీద పోయి పొద్దు బారెడు ఎక్కాక తిరిగి వచ్చేవాడు. వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చుంటే ముసలమ్మ అతనికి ముందు పెట్టేది. అన్నం, దాని మీద చేపల పులుసు, పెద్ద ముక్కలు. అతను లేచాక మనవణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని వాడికి తినిపించేది. తర్వాత తను తినేది. ఆఖరున పేరమ్మా, ఏడేళ్ళ కూతురు అంకాలమ్మా పులుసు దాక దగ్గరికి లాక్కుని కూర్చునేవారు. దాక అడుగున తలకాయలు, తోకలు, పీత కాళ్ళు, చిక్కగా దిగిన పులుసు మిగిలేవి. అంకాలమ్మకు అవంటేనే ఇష్టం. ఆ పిల్ల నల్లగా పుల్లలా ఉండేది. పొద్దస్తమానం ఒడ్డు వెంట పరిగెత్తుతూ ఉండేది. ఆమె తిండి గురించి ఎవరికీ చింత లేదు.

చింత అంతా మనవడి గురించే. వాడి పేరు కుప్పయ్య. వాడికి ముందు ముగ్గురు మగపిల్లలు పుట్టి పోయారు. ఒకడు ఎనిమిదో రోజున, ఒకడు ఏడాది నిండాక జ్వరంతో, మూడోవాడు రమణయ్య రెండున్నరేళ్ళకు, తట్టు పోసి తగ్గిన వారంలోనే. నాలుగోవాడు పుట్టగానే ముసలమ్మ వాణ్ణి చేటలో పెట్టి చెత్తకుప్ప మీద దొర్లించి, కుప్పయ్య అని పేరు పెట్టింది. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అనుకుని చావు వాణ్ణి వదిలేస్తుందని నమ్మకం. వదిలేసింది కూడా. 1961 ఎండాకాలంలో ఊళ్ళో పిల్లలకు తట్టు పోసినప్పుడు వాడికీ పోసింది, తగ్గింది, వాడు బతికాడు.

ఆ రోజు నుంచి వాడి తిండి పూర్తిగా ముసలమ్మ చూసుకుంది. చేప లేదు, రొయ్య లేదు, గుడ్డు లేదు, పప్పు లేదు. ఇవన్నీ వేడి, ఒంట్లో మిగిలిన విషాన్ని పైకి లేపుతాయి అని ఆమె లెక్క. పొద్దున గంజి, మధ్యాహ్నం చారన్నం, సాయంత్రం మళ్ళీ గంజిలో బెల్లం ముక్క. ఇవి మాత్రం ఎంత కావాలంటే అంత. తొమ్మిది నెలలు ఆమె ఈ పథ్యం ఒక్క పూట కూడా తప్పలేదు. తన పూట తిండి మానుకునైనా వాడికి బెల్లం దాచేది.

వాడు ఒళ్ళు చేశాడు. బుగ్గలు ఉబ్బాయి, కాళ్ళు గుండ్రంగా తిరిగాయి.

"అత్తా, మనవడికి ఏం పెడతాండావు? బుగ్గలు బూరెల మాదిరి ఉండాయి," అని పక్కింటి సామ్రాజ్యం అడిగితే ముసలమ్మ నేల మీద ఉమ్మి, మనవణ్ణి లోపలికి తీసుకుపోయి ఉప్పు, మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసేది.

వాడు పెద్దగా నడిచేవాడు కాదు. కూర్చోబెట్టిన చోట కూర్చునేవాడు. గట్టిగా ఏడవడు, సన్నగా మూలిగేవాడు. జుట్టు ఎర్రబడింది. పిక్కల మీద చర్మం నల్లగా పగిలి పొరలు లేచేది. పేరమ్మ నూనె రాసేది. ఆమె ఇవన్నీ చూసింది కానీ ఎవరితోనూ అనలేదు. ముగ్గుర్ని పోగొట్టుకున్న తల్లి మాటకు ఆ ఇంట్లో పెద్దగా విలువ ఉండేది కాదు. ఆమె కూడా తన మాటకు విలువ ఉంటుందని అనుకోలేదు.

1962 ఫిబ్రవరిలో నడికుప్పానికి నర్సమ్మ రావడం మొదలుపెట్టింది. ఆమె పేరు ఎలిశబెతు. కొడవలూరు క్రైస్తవుల అమ్మాయి, ఇరవై అయిదేళ్ళుంటాయి. తండ్రి బడిపంతులు. నెల్లూరులో నర్సు చదువు ముగించి, ఈ తీరంలో తల్లీపిల్లల కేంద్రంలో ఉద్యోగానికి చేరింది. ప్రతి మంగళవారం ఆరు మైళ్ళు నడిచి పాళేనికి వచ్చేది. ఆమె సంచిలో పాలపొడి పొట్లాలు, కొన్ని మందులు, గడియారంలాంటి ముఖమున్న ఒక కొక్కెం తూకం ఉండేవి. వలలు బాగుచేసుకునే పాకలో దూలానికి తూకం తగిలించి, దానికి గుడ్డ ఉయ్యాల కట్టి, అయిదేళ్ళ లోపు పిల్లల్ని తూచి పుస్తకంలో రాసుకునేది.

మొదట ఎవరూ రాలేదు. బిడ్డల్ని తూస్తే దిష్టి తగులుతుంది, ఆయుష్షు తగ్గుతుంది అన్నారు. చివరికి సామ్రాజ్యం తన రెండేళ్ళవాణ్ణి తెచ్చింది. ముల్లు పది కిలోల దగ్గర ఆగింది. పాళెంలో కిలోలు ఇంకా ఎవరికీ అలవాటు కాలేదు.

"వీశెల్లో చెప్పమ్మా," అన్నారు ఆడవాళ్ళు.

"ఏడు వీశెలకు పైమాటే," అంది ఎలిశబెతు.

ఆ మాట ఇంటింటికీ పాకింది. ముసలమ్మ విన్నది. దిష్టి భయం కన్నా గర్వం ఎక్కువైంది. మరుసటి మంగళవారం మనవణ్ణి చంకన వేసుకుని పాకలోకి వచ్చింది. వెనకాల పేరమ్మ.

"నా మనవణ్ణి తూయి నర్సమ్మా. నీ ముల్లు చాలుతుందో లేదో ముందు చూసుకో," అంది.

ఆడవాళ్ళు నవ్వారు. ఎలిశబెతు వాణ్ణి ఉయ్యాలలో కూర్చోబెట్టింది. ముల్లు ఊగి, తొమ్మిది దాటి కొంచెం ముందుకు పోయి ఆగింది.

"తొమ్మిది కిలోల నూరు గ్రాములు. ఆరున్నర వీశెలు."

సామ్రాజ్యం రెండేళ్ళవాడి కన్నా తక్కువ. కుప్పయ్యకు అప్పటికి మూడేళ్ళు దాటాయి.

"నీ ముల్లు తప్పు," అంది ముసలమ్మ.

ఎలిశబెతు వాణ్ణి కిందికి దించి తన మోకాళ్ళ మీద పడుకోబెట్టుకుంది. పాదం పైన బొటనవేలితో గట్టిగా నొక్కి, పది లెక్కపెట్టి తీసింది. అక్కడ గుంట పడింది. అది పూడలేదు. పాదం మీద చింతగింజ పట్టేంత గుంట అలాగే ఉండిపోయింది. వాడు ఏడవనూ లేదు.

"వీడికి ఏం పెడతారవ్వా?"

ముసలమ్మ చెప్పింది. గర్వంగానే చెప్పింది, ఒక్కటీ దాచలేదు.

"ఇది బలుపు కాదవ్వా. వాపు. ఒంట్లో నీరు నిండింది. కండ లేదు. ఒట్టి గంజితో కండ రాదు. చేప పెట్టండి, గుడ్డు పెట్టండి, ఈ పాలపొడి కలిపి ఇయ్యండి. చేపల ఊళ్ళో ఉండి..." అని ఆగింది.

"చేపల ఊళ్ళో ఉండి? చెప్పు."

"చేపల ఊళ్ళో ఉండి బిడ్డకు చేప లేకుండా చేస్తే ఎట్టవ్వా?"

అందరి ముందూ ఆ మాట పడింది. ముసలమ్మ మనవణ్ణి ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఎలిశబెతు మాలకొండయ్య కోసం ఒడ్డున కాచుకుని ఉండి అతనికి విషయం చెప్పింది. బిడ్డ ఇట్లాగే ఉంటే వానలు చూడడు అంది. మాలకొండయ్య తక్కువ మాట్లాడే మనిషి. ముగ్గుర్ని పాతిపెట్టిన చేతులు అతనివే. ఇంటికి పోయి తల్లితో అన్నాడు:

"నెల దినాలు ఆ నర్సమ్మ చెప్పినట్టు చేస్తాం అమ్మా. ఆ తర్వాత నీ ఇష్టం."

"నా చేత్తో నేను పెట్టను."

"పేరమ్మ పెడతాది."

అలా పేరమ్మ వాడికి తినిపించడం మొదలుపెట్టింది. చేప ఉడకబెట్టి, ముళ్ళు తీసి, అన్నంలో మెత్తగా కలిపి పెట్టేది. రెండు రోజులు వాడు ఉమ్మేశాడు. మూడోరోజు మింగాడు. అయిదోరోజు ఇంకా కావాలని చెయ్యి చాపాడు. ముసలమ్మ ఆ వేళకు ఇంట్లో ఉండకుండా ఒడ్డుకు పోయి కూర్చునేది.

రెండు వారాలు తిరిగేసరికి వాడి రూపం మారిపోయింది. బుగ్గలు జారాయి. కళ్ళు లోపలికి పోయాయి. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. కాళ్ళు వెదురు కర్రల్లా అయ్యాయి. ఇరుగుపొరుగు వచ్చి చూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుని వెళ్ళారు.

మంగళవారం ఎలిశబెతు వాణ్ణి తూచింది. ఎనిమిది కిలోల నూరు. ఆమె ముఖం వికసించింది.

"పెరిగిందా తగ్గిందా?" అని ముసలమ్మ అడిగింది.

"తగ్గిందవ్వా. మంచిదే."

"మంచిదా?"

"మంచిదే. ఇట్టాగే పెట్టండి. మళ్ళా వారం వచ్చి అన్నీ చెప్తా. పక్క ఊళ్ళో పురుడు ఉండాది, పోవాల."

ఆమె సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. ముందు వాపు దిగుతుంది, నీరు పోయిన కొద్దీ బరువు తగ్గుతుంది, తర్వాతే కండ పట్టి పెరుగుతుంది అని ఆమె చదువుకుంది. ఆ సంగతి మొదటి రోజే వాళ్ళకు చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. చెప్పినా వీళ్ళకు అర్థం కాదులే అనుకుంది. ఆ రోజు నడుస్తూ నడుస్తూ ఆమె సంతోషంగానే ఉంది.

ముసలమ్మ పాకలో నుంచి నేరుగా ఇంటికి పోయి పేరమ్మ చేతిలోని పళ్ళెం లాక్కుంది.

"ఆరున్నర వీశెల బిడ్డను ఆరు వీశెలకు దించింది. మంచిదంట! తగ్గితే మంచిదని చెప్పే మనిషిని యాడన్నా సూసినావా? దాని తూకమే చెప్తాంది గదా. ఇంక నా బిడ్డను ఎవురూ ముట్టుకోబాకండి."

మాలకొండయ్య కొడుకు పక్కటెముకల వైపు చూసి, లేచి ఒడ్డుకు పోయాడు. మళ్ళీ గంజి, చారన్నం, బెల్లం ముక్క మొదలయ్యాయి.

మరుసటి మంగళవారం ఎలిశబెతు వస్తే ఆ ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆపై వారం ఆమెకు జ్వరం, రాలేదు. మూడో మంగళవారం వచ్చేసరికి ముసలమ్మ గడపలోనే కూర్చుని ఉంది. ఒళ్ళో కుప్పయ్య. వాడి బుగ్గలు మళ్ళీ నిండాయి.

"సూడు," అంది ముసలమ్మ. "మళ్ళా మనిషిలో పడినాడు. నీ తూకం నా కాడికి తేబాక."

"అవ్వా, అది..."

"కూసో. నేను ఒక మాట చెప్తా, విను. వీడికి ముందు ఒకడు ఉన్న్యాడు. రమణయ్య. వాడికీ తట్టు పోసింది, తగ్గింది. తగ్గిన నాలుగోనాడు చేప కావాలని ఏడ్చినాడు. వీళ్ళమ్మ వొద్దనింది. నేనే మనసాగక చందువ ముక్క పెట్టినా. ఈ చేత్తోనే. ఆ పొద్దుటి నుంచి పట్టుకున్న్యాయి బేదులు. మూడోనాటికి పోయినాడు."

"చేప వల్ల కాదవ్వా. తట్టు తగ్గినాక అట్టా కొందరికి..."

"నువ్వుండావా ఆడ?"

ఎలిశబెతు సంచి భుజాన వేసుకుంది. అక్కడి నుంచి కదిలింది.

పాళెం చివర ఇసుక మీద పేరమ్మ నెత్తళ్ళ చేపలు ఎండబెడుతూ ఉంది. వంగి ఒక్కో వరసనూ చేత్తో తిరగేస్తోంది. ఎలిశబెతు వెళ్ళి ఆమె పక్కన ఇసుకలో కూర్చుంది. ఆమె కూర్చున్న తీరు చూసి పేరమ్మ కూడా పని ఆపింది.

"అక్కా, నేను నీకొక మాట చెప్పాల. ముందే చెప్పుండాల్సింది," అంది ఎలిశబెతు. "చేప పెట్టినాక వాడు చిక్కిపోతాడని నాకు తెలుసు. వాడి ఒంట్లో ఉండేది నీరు. కండ పట్టాలంటే ముందు ఆ నీరు దిగిపోవాల. దిగేటప్పుడు తూకం తగ్గుతాది. ఇప్పుడు మళ్ళా బుగ్గలు వచ్చినాయి గదా, అది మళ్ళా నీరే."

పేరమ్మ ఎండుతున్న చేపల వైపు చూసింది.

"పచ్చివి నాలుగు గంపలు పోస్తే ఎండినాక ఒక గంపకు వస్తాయి. కండ యాడికీ పోదు. నీళ్ళే పోతాయి. అట్టనా?"

"అంతే అక్కా. సరిగ్గా అంతే."

"ఈ మాట ఆ పొద్దే చెప్పుంటే?"

"చెప్పుండాల్సింది. తప్పు నాదే."

పేరమ్మ చేతికంటిన ఇసుక దులుపుకుంది. తర్వాత చెప్పింది. చేప పెట్టడం మొదలుపెట్టిన పదోరోజున గంపలో నుంచి ఒక పీత తప్పించుకుని వాకిట్లోకి పోయిందట. కుప్పయ్య లేచి దాని వెనక ఏడెనిమిది అడుగులు పోయాడట. అది వెనక్కి తిరిగి కొండీలు ఎత్తితే నవ్వాడట.

"వాడి నవ్వు నేను ఎన్నాళ్ళకు విన్న్యానో. ఇప్పుడు మళ్ళా లేవడం లేదు నర్సమ్మా. బుగ్గలు వచ్చినాయి గానీ లేవడం లేదు."

"ఈ సంగతి అవ్వకు చెప్పినావా?"

"లేదు."

"ఎందుకు?"

"మా అత్తకు నేను ఎప్పుడూ ఏదీ చెప్పలేదు," అంది పేరమ్మ.

మరునాడు మాలకొండయ్య సరస్సు మీద నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. ముసలమ్మ అతనికి వడ్డించి, మనవణ్ణి పిలిచింది. పేరమ్మ గోడ దగ్గర నుంచి లేచింది. కుప్పయ్యను ఎత్తుకుని వచ్చి మొగుడికి ఎదురుగా కూర్చుంది. అంకాలమ్మను పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. మూడు సత్తు పళ్ళేలు ముందు పెట్టుకుని దాకలోకి చెయ్యి చాచి గరిటె తీసుకుంది.

"ఏందే ఇది? మొగోడు తింటా ఉంటే?" అంది ముసలమ్మ.

పేరమ్మ అన్నం పెట్టింది, పులుసు పోసింది, ముక్క తీసుకుని ముళ్ళు ఏరింది.

"అత్తా, చేప తిన్నన్నాళ్ళూ వీడు నడిచినాడు. నువ్వు ఒడ్డున కూసున్న్యావు, నువ్వు చూడలేదు. నేను చూసినా. పీత వెంట పోయినాడు, నవ్వినాడు. గంజి తాగి తొమ్మిది నెలలు కూసోనే ఉండాడు. నాకు తూకం తెలవదు. నా బిడ్డ నడిచినాడు, అది తెలుసు."

"రమణయ్యను మరిచినావా?"

"మరవలేదు. వాడికి పెట్టినందుకు నిన్ను ఏ పొద్దయినా ఒక మాట అన్న్యానా? అనలేదు. నువ్వు ప్రేమతో పెట్టినావు. నేనూ ప్రేమతోనే పెడతాండా. ఏమన్నా అయితే నా నెత్తినే."

ముసలమ్మ కొడుకు వైపు తిరిగింది. మాలకొండయ్య ముద్ద నోట్లో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు. కాసేపటికి ముద్ద దించి, తన పళ్ళెంలోని పెద్ద ముక్కను తీసి పేరమ్మ పళ్ళెంలో వేశాడు. తర్వాత తల వంచుకుని తిన్నాడు.

ఆ రోజు ముసలమ్మ అన్నం తినలేదు. మరుసటి రోజు తిన్నది, పక్కింట్లో.

అయిదోరోజు కుప్పయ్యకు బేదులు పట్టుకున్నాయి.

మాలకొండయ్య వల వదిలేసి ఆరు మైళ్ళు పరుగున పోయి ఎలిశబెతును వెంటబెట్టుకుని వచ్చాడు. వాడు చాప మీద గుడ్డపేలికలా పడి ఉన్నాడు. ముసలమ్మ గడపలో కూర్చుని ఉంది. చూశావా అని అనలేదు. అనకపోవడమే పేరమ్మను ఎక్కువ భయపెట్టింది.

ఎలిశబెతు గంజి పలచగా కాయించి చిటికెడు ఉప్పు వేయించింది. చల్లారాక చెంచాతో వాడి నోట్లో పోసింది.

"రెండు నిమిషాలకు ఒక చెంచా. కక్కినా మళ్ళా పోయాల. ఆపేది లేదు."

పేరమ్మ పోయడం మొదలుపెట్టింది. ఒక జాము గడిచింది. చెంచా ఒరిగి గంజి వాడి గడ్డం మీద పడుతోంది. ముసలమ్మ గడపలో నుంచి లేచి వచ్చింది. కోడలి చేతిలో నుంచి చెంచా తీసుకుంది.

"నువ్వు పోయి మొహం కడుక్కో," అంది.

పొద్దు గూకేదాకా ముసలమ్మే పోసింది. వాడు కక్కితే తన కొంగుతో తుడిచి మళ్ళీ పోసింది. ఎలిశబెతు మధ్యలో రెండుసార్లు నాడి చూసి, తల ఊపింది. ముసలమ్మ కళ్ళు వాడి ముఖం మీద నుంచి కదలలేదు. రమణయ్యను ఆమె అలాగే చూస్తూ కూర్చుని ఉంటుందని ఎలిశబెతుకు తోచింది. అప్పుడు మాత్రం ఆమె చేతికి చెంచా ఇచ్చి ఇలా పొయ్యమని చెప్పినవాళ్ళు లేరు.

ఆ రాత్రి గడిచింది. మరునాటికి బేదులు తగ్గుముఖం పట్టి, ఆపై రోజు నిలిచాయి. నాలుగోరోజు వాడు అన్నం అడిగాడు. పేరమ్మ చేప కలిపింది. ముసలమ్మ ఒడ్డుకు పోలేదు, గోడ దగ్గర కూర్చుని చూసింది.

తర్వాతి తూకంలో వాడు ఎనిమిది కిలోలకు దిగాడు. ఈసారి ఎలిశబెతు ముల్లు చూసి, ముందు ముసలమ్మ దగ్గర కూర్చుని ప్రతిదీ చెప్పింది. ఇంకో వారం ఇట్లాగే ఉంటుంది, ఆ తర్వాత కదులుతుంది అంది. వారం అలాగే ఉంది. తర్వాత ఎనిమిదిన్నర. మే నెల మొదటి మంగళవారానికి ముల్లు తొమ్మిది కిలోల నూరు దగ్గర ఆగింది.

"అదే తూకం గదా," అంది ముసలమ్మ. "మొదటినాడు ఎంతో ఈనాడూ అంతే. ఇంత రగడ చేసి?"

"అదే తూకమేనవ్వా. నువ్వే నొక్కి చూడు."

ముసలమ్మ వాడి పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని బొటనవేలితో నొక్కింది. చాలాసేపు నొక్కి పట్టుకుంది. వాడు "అవ్వా!" అని అరిచి కాలు లాక్కుని, ఆమె చేతి మీద కొట్టాడు. పాదం నున్నగా ఉంది. ఆమె రెండో పాదం కోసం చెయ్యి చాచేలోపల వాడు దిగి పారిపోయాడు.

ఆ వేసవిలో ముసలమ్మకు మాటలు తగ్గాయి. తనవల్లే బిడ్డ తొమ్మిది నెలలు కూర్చుండిపోయాడన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమెకే తెలిసింది. ఒకరోజు ఎలిశబెతు నీళ్ళు అడిగితే చెంబు అందిస్తూ, "రమణయ్య చేప వల్ల పోలేదని నిజంగానే చెప్తాండావా, నన్ను ఓదార్చేదానికా?" అని అడిగింది.

"నిజంగానే అవ్వా. వాడికి ఆ పొద్దు గంజినీళ్ళు పోసుంటే..." అనబోయి ఎలిశబెతు ఆగిపోయింది. "చేప వల్ల కాదు," అని మాత్రం అంది.

ముసలమ్మ ఆ చెప్పని సగాన్ని కూడా విన్నది. ఖాళీ చెంబు తీసుకుని లోపలికి పోయింది.

గరిటె మళ్ళీ ఆమె చేతికి రాలేదు. ఆమె అడగనూ లేదు. పేరమ్మ అత్తకు ముందు పెట్టి, తర్వాత పిల్లలతో కలిసి తినేది. మాలకొండయ్య ఆ వేళకు ఇంటికి వస్తే అందరూ కలిసే తినేవారు. పాళెంలో దీనికి కొన్నాళ్ళు నవ్వుకున్నారు. ముసలమ్మ మటుకు చివరిదాకా కుప్పయ్య చిక్కిపోయాడనే అనేది. ఆమె కంటికి వాడి అందం ఆ బూరెబుగ్గలే. వానాకాలం ముగిసేసరికి వాడు పన్నెండు కిలోలయ్యాడు. జుట్టు నల్లబడింది. వాళ్ళక్క లాగే పుల్లలా సాగాడు.

ఎలిశబెతు ఆ తర్వాత కొత్త ఊరికి పోయినప్పుడల్లా తూకం దూలానికి తగిలించకముందే తల్లుల్ని కూర్చోబెట్టి, ఎండు చేపల సంగతి చెప్పేది. అది తనకు పేరమ్మ చెప్పిందని కూడా చెప్పేది.

1964 జూన్‌లో ఆమెను సంగం ఊరికి బదిలీ చేశారు. ఆఖరి మంగళవారం పాళేనికి వస్తే పడవలు అప్పుడే ఒడ్డుకు చేరాయి. రొయ్య బాగా పడింది. పేరమ్మ మోకాళ్ళ లోతు నీళ్ళలో గంపలు అందుకుంటోంది, చెయ్యి ఊపడానికి కూడా తీరిక లేదు. మాలకొండయ్య సంచి మోసుకుంటూ రోడ్డుదాకా ఆమెతో నడిచాడు. బస్సు కోసం ఇద్దరూ చాలాసేపు నిలబడ్డారు.

"కుప్పయ్య ఎట్టుండాడన్నా?"

"యాడ తల్లీ. అన్నం కాడ దినామూ తన్నులాటే. నిన్న అంకాలమ్మ పళ్ళెంలో రొయ్య ఎత్తుకున్న్యాడు. అది వీపు పగలగొట్టింది. వీడు దాని జుట్టు పట్టుకున్న్యాడు. మా అమ్మ మధ్యలో పోతే ఆమెకూ ఒకటి తగిలింది."

"ఎవురు గెలిచినారు?"

"ఇంకెవురు? అంకాలమ్మే," అన్నాడు మాలకొండయ్య. దూరంగా దుమ్ము లేస్తుంటే సంచి ఆమె చేతికి అందించాడు.